కేక పరీక్ష

మా పిన్ని చేసే ఉద్యోగం ఏమిటో మా వాళ్ళెవరికీ చాలాకాలం సరిగ్గా అర్థం కాలేదు. కంప్యూటర్ ఉద్యోగమని మాత్రం తెలుసు. మా మేనమామ ఒకసారి తన దుకాణానికి ఒక వెబ్‌సైటు చేసిపెట్టమని అడిగితే, "నాకు రంగులూ బొమ్మలూ రావు అన్నయ్యా, నాదంతా వెనకాల పని" అంది. "వెనకాలంటే?" అంటూ ఆయన నిజంగానే మెడ చాచి ఆమె కుర్చీ వెనక్కి తొంగిచూశాడు.

చివరికి పిన్నే ఒక వివరణ కనిపెట్టింది. "ఫోన్లో ఏదో నొక్కుతారు కదా. నొక్కాక చిన్న గుండ్రం ఒకటి తిరుగుతుంది చూడండి. అది తిరిగినంతసేపూ నేను పనిచేస్తున్నట్టు." అప్పట్నుంచి మా ఇళ్ళలో ఎవరి ఫోన్లో గుండ్రం తిరిగినా, "పిన్నీ, కాస్త తొందరగా!" అని అరవడం మాకు అలవాటైపోయింది. ఆమె ఎదురుగా ఉంటే, "వస్తున్నా, వస్తున్నా" అని నవ్వేది.

నేను పీజీ చదువుకోసం వాళ్ళింట్లో ఉన్నప్పుడు ఆ పని ఎలాంటిదో కొంత తెలిసింది. పిన్ని ఆఫీసు నుంచి వచ్చి, మొహం కడుక్కుని, వంటగది గట్టుకి ఆనుకుని నిలబడి ఆ రోజు జరిగినవన్నీ చెప్పేది. నేను కూరగాయలు తరుగుతూ వినేదాన్ని. బాబాయ్ మధ్యలో వచ్చి అర్థం కాని మాట దగ్గర ఆపేవాడు. ఆయనకి కళ్ళజోళ్ళ దుకాణం ఉంది. ఏ విషయమైనా అక్షరాలు చిన్నవవుతూ పోయే ఆ అట్టలాగే చూస్తాడు. చదవగలిగినంత వరకూ చదివి, "ఇక్కణ్ణుంచి కనబడటం లేదు" అంటాడు.

పిన్ని మొదటి ఉద్యోగం ఒక టైర్ల కొట్టు మీదున్న మూడు గదుల్లో. రోజంతా కిందినుంచి రబ్బరు వాసన వచ్చేదట. రక్తపరీక్షలు చేసే ల్యాబు యజమాని ఒకాయన తన శాఖలన్నిటి పనీ ఒకేచోట కనబడాలని కోరితే, దానికి కావలసిన వెనకాల భాగమంతా దాదాపు పిన్ని ఒక్కతే రాసింది. ఏ గొట్టంలో రక్తం ఎవరిది, ఏ పరీక్షకి వచ్చింది, ఫలితం ఎక్కడ ఆగింది, అన్నీ ఆ ప్రోగ్రామే చూసుకోవాలి. "రెండు గొట్టాలకి ఒకే నంబరు పడిందనుకో, ఒకరి జబ్బు ఇంకొకరికి పోతుంది" అనేది పిన్ని. ఆ భయంతో రాసింది కాబట్టే అది గట్టిగా నిలబడింది. ల్యాబులు పెరిగాయి. కంపెనీ పెరిగి, రబ్బరు వాసన వదిలి, అద్దాల భవనంలోకి మారింది. తర్వాత అంతకన్నా పెద్ద కంపెనీ వచ్చి దాన్ని కొనేసింది. ఇన్ని మార్పుల్లోనూ పిన్ని కదలకుండా అక్కడే ఉంది. ఎక్కడ ఏది ఆగిపోయినా, తెరమీద గబగబా జారిపోయే వరుసల్ని కాసేపు చూసి, "ఇదిగో, ఇక్కడ" అని వేలు పెట్టేదట. అలా వేలు పెట్టీ పెట్టీ ఒకరోజు మేనేజరైంది.

"అయితే నీ కింద ఎంతమంది?" అని అడిగాడు బాబాయ్.

"కింద సంగతి తర్వాత. నెత్తిమీద ఎంతమందో చూడండి" అంది పిన్ని.

ఆ మాట సరదాగా అన్నదే కానీ, మేనేజరయ్యాక ఆమె మారడం అందరికీ కనబడింది. ఇదివరకు సాయంత్రానికి ఒక పని పూర్తయ్యేది. ఇప్పుడు రోజంతా మాటలే. ఒకరి మాట ఇంకొకరికి గుచ్చుకోకుండా చేర్చాలి. పైవాళ్ళ తొందర కిందివాళ్ళకి, కిందివాళ్ళ విసుగు పైవాళ్ళకి తగలకుండా మధ్యలో తను నిలబడాలి. ఇంటికొచ్చి అంట్లగిన్నెలు తానే ముందేసుకుని తోమేది. "ఇదొక్కటే పిల్లా, మొదలుపెడితే అయిపోయే పని" అనేది.

ఆమె బృందంలో అందరికన్నా పెద్దాయన ఒకరున్నారు. పిన్నికన్నా వయసులోనూ పెద్దే. ఏ పని చెప్పినా ముందు కాసేపు సణిగి, తర్వాత అందరికన్నా శుభ్రంగా చేస్తారు. స్పీకర్లో ఆయన గొంతు వినీ వినీ బాబాయ్ ఆయనకి సణుగుడుగారు అని పేరు పెట్టాడు. మా ఇంట్లో ఇక అదే పేరు.

కొత్త కంపెనీవాళ్ళు ల్యాబుల కోసం కొత్త వ్యవస్థ కట్టించారు. పిన్ని టైర్ల కొట్టు మీద కూర్చుని రాసిన పాతది ఇంకా ఒక మూల నడుస్తూనే ఉంది. ఆఫీసులో దాన్ని ముసల్ది అనేవాళ్ళు. దాన్ని నడిపే యంత్రాలకి ఊరికే ఖర్చవుతోందనీ, ఆపేయమనీ డైరెక్టరు అడుగుతూ వచ్చాడు. ఆపాలంటే ముందు దాన్ని ఎవరు వాడుతున్నారో తెలియాలి. కాగితాల ప్రకారం ఎవరూ వాడటం లేదు. కాగితాన్ని నమ్మే మనిషి కాదు పిన్ని.

అలాంటప్పుడు వాళ్ళ వృత్తిలో ఒక మోటు పద్ధతి ఉంది. పాతదాన్ని కాసేపు ఆపేస్తారు. ఎవరో ఒకరు "అయ్యో, నా పని ఆగిపోయింది" అని కేకేస్తారు. దాన్ని మళ్ళీ నడిపించి, వాళ్ళని కొత్తదాంట్లోకి మార్చి, మళ్ళీ ఆపుతారు. ఈసారి ఇంకాస్త ఎక్కువసేపు. కేకలు పూర్తిగా ఆగేదాకా ఇంతే. దీనికి వాళ్ళు పెట్టుకున్న పేరు కేక పరీక్ష.

"పేరు కేకే మేడమ్. పని మాత్రం గొడ్డలితో గుండె ఆపరేషన్" అని సణిగారట సణుగుడుగారు.

మొదటిసారి ఆపినప్పుడు ఒక శాఖలో బిల్లుల కౌంటరు గొల్లుమంది. రెండోసారి గొట్టాలకి చీటీలు అచ్చువేసే యంత్రం మొరాయించింది. ఇంకోసారి, ఏ కొత్తదీ నచ్చని ఒక గుమాస్తా తన పాత పేజీ కనబడటం లేదని నేరుగా పిన్నికే ఫోన్ చేసి తిట్టాడు. పిన్ని అందరి తిట్లూ సంతోషంగా తింది. "తిడుతున్నారంటే దొరికారన్నమాట" అంది. తర్వాత రోజంతా ఆపారు, నిశ్శబ్దం. వారమంతా ఆపారు, అదే నిశ్శబ్దం. దాంతో పూర్తిగా ఆపేశారు.

"నిద్రలోనే పోయింది మేడమ్. అదృష్టవంతురాలు" అన్నారు సణుగుడుగారు. డైరెక్టరు అందరికీ మెయిల్ పెట్టి పిన్నిని మెచ్చుకున్నాడు. ఆ సాయంత్రం పిన్ని గిన్నెలు తోమలేదు. కుర్చీలో కూర్చుని టీ తాగుతూ, "నా చేత్తో పెట్టింది నా చేత్తోనే తీసేశాను. ఎవరికీ ఏమీ కాలేదు. ఇంకేం కావాలి?" అంది. నిజంగా తృప్తిగానే ఉంది.

వానలు మొదలయ్యాక ఒకరోజు ఒక శాఖలో రిసెప్షన్ చూసే అమ్మాయి వేరే పనిమీద పిన్నికి ఫోన్ చేసింది. మాటల్లో, "ఈమధ్య మాకు పొద్దున్నపూట కాస్త ఖాళీగా ఉంటోంది మేడమ్. రక్తం పలచన మాత్రలవాళ్ళు రావడం లేదు. అందరికీ ఒకేసారి నయమైపోయినట్టుంది" అని నవ్వింది.

పిన్ని కూడా నవ్వబోయింది. నవ్వు సగంలో ఆగిపోయిందని తర్వాత మాతో చెప్పింది.

గుండెలో కవాటం మార్పించుకున్నవాళ్ళూ, రక్తం గడ్డకట్టే జబ్బున్నవాళ్ళూ రక్తాన్ని పలచగా ఉంచే మాత్రలు వేసుకుంటారు. ఆ మాత్ర ఎక్కువైతే లోపల రక్తం కారుతుంది. తక్కువైతే గడ్డకడుతుంది. అందుకని కొన్ని వారాలకోసారి పరీక్ష చేయించుకుని మోతాదు సరిచేసుకోవాలి. ఆ జబ్బు ఒకేసారి అందరికీ నయం కాదు.

ముసల్దాన్ని ఆపేసినా దాని ప్రోగ్రామంతా ఒకచోట దాచిపెట్టి ఉంది. పిన్ని తలుపేసుకుని కూర్చుని వెతికింది. దొరికింది. ఒక మూల చిన్న ముక్క. రాసింది తనే. టైర్ల కొట్టు రోజుల్లో ల్యాబుకి వచ్చే ఒక డాక్టరుగారు మెట్లమీద ఆపి, "అమ్మాయ్, ఈ మాత్రలవాళ్ళు తేదీలు మర్చిపోతున్నారు. తేదీ దగ్గరపడగానే ఒక మెసేజ్ పోయేలా చెయ్యగలవా?" అని అడిగారు. ఆ మధ్యాహ్నమే చేసేసింది. ఎవరూ ఆర్డరు ఇవ్వలేదు. ఏ ఒప్పందంలోనూ రాయలేదు. ప్రోగ్రాములో పక్కన, డాక్టరుగారు అడిగారు, తాత్కాలికం, అని మాత్రం రాసుకుంది. ఆయన తర్వాత ఎక్కడికో వెళ్ళిపోయారు. ఆమె మర్చిపోయింది. తాత్కాలికమైనది అన్నేళ్ళూ రోజూ పొద్దున్నే లేచి, తేదీలు చూసి, ఎవరెవరికో మెసేజ్‌లు పంపుతూనే ఉంది.

"ఎవరూ కేకెయ్యలేదే!" అన్నాడు బాబాయ్.

"ఎలా వేస్తారు? బిల్లు రాకపోతే తెలుస్తుంది. చీటీ అచ్చవకపోతే తెలుస్తుంది. గుర్తుచేసే మెసేజ్ రాకపోతే రాలేదని ఎలా తెలుస్తుంది? గుర్తుండేవాళ్ళయితే ఆ మెసేజ్ వాళ్ళకి అక్కర్లేదుగా."

పిన్ని గట్టుకి ఆనుకుని తన చేతివేళ్ళు చూసుకుంటూ నిలబడింది. "అంత నిశ్శబ్దంగా ఉంటే బాగా చేశాననుకున్నాను" అంది.

మర్నాడే కొత్త వ్యవస్థలో ఆ మెసేజ్ పెట్టించింది. కానీ దానితో పని పూర్తవలేదు. తేదీ దగ్గరపడినప్పుడే మెసేజ్ పోతుంది. ఆపేసిన తర్వాత ఎవరి తేదీలు దాటిపోయాయో వాళ్ళ తేదీ మళ్ళీ రాదు. వాళ్ళంతట వాళ్ళు వచ్చి పరీక్ష చేయించుకుంటే తప్ప ఏ యంత్రమూ వాళ్ళని ఇక పిలవదు. అలాంటివాళ్ళు వందల్లో ఉన్నారు.

డైరెక్టరు చెడ్డవాడు కాదు. పిన్ని చెప్పిందంతా ఓపిగ్గా విన్నాడట.

"ఎవరైనా ఫిర్యాదు చేశారా?"

"లేదండీ."

"ఆ మెసేజ్ పంపుతామని మనం ఎవరికైనా రాసిచ్చామా?"

"లేదండీ. కానీ పంపుతూ వచ్చాం."

"అదే నేను చెప్పేది. మనం ఒప్పుకోని పని మనం చెయ్యలేదని మనమే ఫోన్ చేసి చెప్పుకోవాలా? న్యాయ విభాగం వాళ్ళని అడుగుతాను. వాళ్ళు చెప్పేదాకా ఆగండి."

"వాళ్ళు ఎప్పుడు చెప్తారు?"

"చెప్తారు. మీరు కంగారుపడి ఏదీ చెయ్యొద్దు. రోగుల నంబర్లు తీసి సొంతంగా ఫోన్లు చేశారనుకోండి, అది ఇంకా పెద్ద తప్పు. అప్పుడు నేను కూడా మిమ్మల్ని కాపాడలేను."

పిన్ని ఆగింది. పొద్దున్న ఒకసారి, సాయంత్రం ఒకసారి అడిగింది. ప్రతిసారీ వాళ్ళు చూస్తున్నారన్నాడు. ఇంట్లో మాట్లాడటం తగ్గించింది. టీ చల్లారిపోయేది. ఒకరోజు బాబాయ్ ఉండబట్టలేక, "వాళ్ళకి డాక్టర్లు లేరా ఏమిటి? చెప్పే ఉంటారుగా!" అన్నాడు.

"చెప్పే ఉంటారు. ఆ తర్వాత నేను చెప్తూ వచ్చాను. డాక్టరు మాట మర్చిపోయినా ఫర్వాలేదనే ధీమా ఇచ్చింది నేను. ఉన్నట్టుండి తీసేసిందీ నేనే."

"నువ్వంటావేమిటే, కంపెనీ అను."

"రాసింది కంపెనీ కాదు."

మర్నాడు ఆమె సణుగుడుగార్ని పిలిచి, తను ఫోన్లు చెయ్యబోతున్నాననీ, ఆయనకి తెలియాలని చెప్తున్నాననీ, ఆయన ఇందులో కలవక్కర్లేదనీ చెప్పింది.

"నాకెందుకు మేడమ్ ఈ గొడవ? పిల్లల పెళ్ళిళ్ళు ఉన్నాయి, నడుంనొప్పి ఉంది. అసలు నాకు ఫోన్లో మాట్లాడటమే పడదు" అని సణిగి, "ఏ అక్షరం నుంచి మొదలెట్టమంటారు?" అన్నారు.

డైరెక్టరుకి కూడా ముందే చెప్పింది. చాటుగా చెయ్యడం ఆమెకి రాదు. ఆయన తలుపు దగ్గరగా వేసి, "నాకు తెలియనట్టే ఉంటాను. కానీ రేపు ఎవరైనా అడిగితే, వద్దని చెప్పాననే చెప్తాను. అర్థమైందా?" అన్నాడు.

"అయిందండీ."

ఇద్దరూ చిన్న సమావేశాల గదిలో కూర్చుని సొంత ఫోన్లలోంచి మొదలుపెట్టారు. మామూలుగా తెలియని నంబరంటేనే జనానికి చిరాకు.

"లోన్ అక్కర్లేదండీ!"

"లోన్ కాదండీ, ల్యాబు నుంచి."

"ల్యాబువాళ్ళు కూడా లోన్లు ఇస్తున్నారా?"

ఇలాంటివి సాయంత్రం మాకు చెప్పి పిన్ని కొంచెం నవ్వేది. ఒక రిటైరైన లెక్కల మాస్టారు మాత్రం ఆమెని క్లాసులో నిలబెట్టినట్టు నిలబెట్టాడట. "ఏమ్మా, మీరు పిలిస్తే వచ్చేవాణ్ణి, పిలవకపోతే అక్కర్లేదనుకున్నాను. ఇన్నేళ్ళు చెయ్యిపట్టి నడిపించి, రోడ్డు మధ్యలో చెయ్యి వదిలేస్తే ఎలాగమ్మా?" ఆయన ఆ రోజే వెళ్ళి పరీక్ష చేయించుకుని, మళ్ళీ పిన్నికే ఫోన్ చేశాడు. డాక్టరు మాత్ర సగానికి తగ్గించాడట. "ఇంకో వారం ఆగితే ఏమయ్యేదో అన్నాడమ్మా" అని, ఆ మాట తిట్టో మెచ్చుకోలో తేలకుండా పెట్టేశాడు.

ఆ ఫోన్ వచ్చిన సాయంత్రం పిన్ని భోజనం చెయ్యలేదు. ఇంకో వారం ఆగినవాళ్ళు ఎంతమందో అని ఒకటే ఆలోచన.

ఆ వారమంతా చేసినా పూర్తికాలేదు. ఎత్తనివాళ్ళూ, తర్వాత చెయ్యమన్నవాళ్ళూ మిగిలారు. వాళ్ళకి ఆదివారం ఇంటినుంచి చేస్తానంది. ఆ ఆదివారం తర్వాత జరిగినవి ముందే చెప్పేస్తాను, వాటికోసం ఎవరూ ఎదురుచూడక్కర్లేదు. విచారణ పెట్టారు. రోగుల నంబర్లు అనుమతి లేకుండా వాడినందుకు పిన్నిని మేనేజరు పనినుంచి తీసేశారు. సణుగుడుగారి మాట ఎవరడిగినా, చెప్పింది నేనే, ఆయన చేశారంతే, అని పిన్ని తనమీద వేసుకుంది. ఇప్పుడు ఇంకో చిన్న కంపెనీలో, కింద ఎవరూ లేకుండా, మళ్ళీ వెనకాల పనే చేస్తోంది. అదంతా ఆమె పెద్దగా పట్టించుకున్నట్టు నాకు కనబడలేదు. ఆమెకి పట్టింది ఆ ఆదివారం.

భోజనాలయ్యాక బల్ల తుడిచి, ఫోన్ మధ్యలో పెట్టి, స్పీకర్లో వేసి పిన్ని ఒక్కొక్కరికీ చేస్తోంది. నేను బల్లకి అటువైపు చదువుకుంటున్నాను. బాబాయ్ గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని ఒక కళ్ళజోడు మర బిగిస్తున్నాడు. బయట వాన తగ్గి, కిటికీ చూరునుంచి నీళ్ళు కారుతున్నాయి.

ఒక నంబరు మోగీ మోగీ చివర్లో ఎత్తారు. ఆడగొంతు.

"హలో. ల్యాబు నుంచి మాట్లాడుతున్నానండీ. ఆయన ఉన్నారా?"

అటువైపు కుళాయి చప్పుడు. ఎవరో కట్టేశారు.

"ఆయన లేరండీ."

"అలాగా. ఎప్పుడొస్తారు?"

ఏదో గిన్నె కింద పెట్టిన చప్పుడు.

"రారండీ. పోయిన నెల పోయారు."

పిన్ని రెండు చేతులూ బల్లమీద పెట్టింది. బాబాయ్ మర బిగించడం ఆపాడు.

"క్షమించండమ్మా. నాకు తెలియదు."

"ఫర్వాలేదండీ. చాలామంది అలాగే అడుగుతున్నారు. తలనొప్పన్నారు. మాట తడబడింది. ఆసుపత్రికి తీసుకెళ్ళేలోపే... మెదడులో రక్తం కారిందన్నారు." ఆవిడ ఊపిరి తీసుకుంది. "ఎందుకు చేశారండీ ఫోన్?"

ఏదో ఒకటి చెప్పేయొచ్చు. మామూలుగానే చేశామని చెప్పి పెట్టేయొచ్చు. బాబాయ్ గుమ్మం దగ్గర్నుంచి వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు. పిన్ని ఆయన్ని చూసింది. చూస్తూనే చెప్పింది.

"పరీక్ష తేదీ దగ్గరపడితే మీవారికి మెసేజ్ వచ్చేది కదమ్మా. ఈమధ్య అది రాలేదు. మేం పాత యంత్రం ఒకటి ఆపేశాం. దాంతోపాటు అదీ ఆగిపోయింది. ఆగిన సంగతి మేం చూసుకోలేదు. చూసుకోవాల్సింది నేనే. అందుకని అందరికీ చేస్తున్నాను."

నేను పుస్తకంలోకి చూస్తూ కూర్చున్నాను. ఒక్క అక్షరం కూడా కనబడలేదు.

"ఆయన అన్నారండీ" అంది ఆవిడ. గొంతు బాగా తగ్గిపోయింది. "ఈసారి ఇంకా పిలవలేదేమిటే అని. రెండుసార్లు అన్నారు. నేనే, పిలవలేదంటే బాగున్నట్టేగా, ఊరికే పోయి సూది పొడిపించుకోవడం ఎందుకూ అన్నాను. నేనే ఆపాను. ఎవరితోనూ చెప్పలేదు నేనీ మాట. మా అబ్బాయితో కూడా."

"మీరు ఆపలేదమ్మా. పిలవాల్సింది మేము."

"పిలిచుంటే బతికేవారా?"

"తెలియదమ్మా."

"తెలియదంటే?"

"పరీక్ష చేసుంటే రక్తం మరీ పలచబడిందని తెలిసుండేదేమో. మాత్ర తగ్గించేవాళ్ళేమో. అసలు దానివల్లో కాదో కూడా నాకు తెలియదు. తెలుసని చెప్తే అబద్ధం."

"నా మాటవల్ల మాత్రం కాదంటారు."

"మీ మాటవల్ల కాదు. అది మాత్రం తెలుసు."

"మీ పేరేమిటి?" అంది ఆవిడ. పిన్ని ఇంటిపేరుతో సహా చెప్పింది. "మా అబ్బాయి కిందే ఉన్నాడు. వాడికి చెప్తాను."

"చెప్పండమ్మా. ఇదే నంబరు."

ఫోన్ ఆగిపోయాక బాబాయ్ లేచి వచ్చాడు. "ఎందుకు చెప్పావు? ఏమొచ్చింది చెప్తే? పోయినాయన తిరిగొస్తాడా? రేపు కోర్టుకీడుస్తారు. ఉద్యోగం ఎటూ పోతుంది, ఇల్లు కూడా ఊడ్చుకుపోవాలా?"

"ఆవిడ తనే చంపాననుకుంటోంది."

"అనుకుంటోందని నీకేం తెలుసు? ఆవిడ చెప్పకముందే నువ్వు చెప్పేశావుగా!"

పిన్ని ఫోన్ బోర్లా తిప్పి పెట్టింది. మిగిలినవాళ్ళ పేర్లు పక్కనే ఉన్నాయి. "ఇక నావల్ల కాదు" అంది. "రేపు ఆయన చేస్తారు, ఆయన గొంతు బాగుంటుంది." సణుగుడుగారి గొంతు బాగుంటుందని ఆమె అనడం అదే మొదటిసారి. మంచినీళ్ళు ఇస్తే తీసుకుని తాగకుండా పట్టుకు కూర్చుంది.

ఫోన్ మోగింది. అదే నంబరు.

బాబాయ్ చెయ్యి అడ్డం పెట్టాడు. "ఎత్తకు. రేపు మాట్లాడొచ్చు, ఎవరినైనా అడిగి."

పిన్ని ఆయన చేతికిందనుంచి ఫోన్ లాక్కుంది.

"మీరేనా మా అమ్మకి ఫోన్ చేసింది?" కుర్రగొంతు. మెట్లెక్కి వచ్చినట్టు రొప్పుతున్నాడు.

"నేనేనండీ."

"మా అమ్మ గోడవైపు తిరిగి కూర్చుంది. ఏం చెప్పారు?"

పిన్ని మళ్ళీ మొదటినుంచీ చెప్పింది. ఒక్క మాట కూడా మార్చలేదు. అతను మధ్యలోనే ఆపాడు.

"ఆపండి. మీ యంత్రాల సంగతి నాకొద్దు. మా నాన్నకొక్కడికేనా ఇలా చేసింది?"

"కాదండీ. చాలామందికి ఆగిపోయింది. అందరికీ ఫోన్లు చేసి చెప్తున్నాం."

"చెప్పేశారా అందరికీ?"

"లేదండీ. ఇంకా కొంతమంది మిగిలారు."

"మిగిలారా?" అతని గొంతు పెద్దదైంది. "మిగిలితే నాతో ఏం మాట్లాడుతున్నారండీ మీరు? నేను మిమ్మల్ని వదిలిపెట్టను, అది రేపు చూసుకుందాం. ముందు వాళ్ళకి చెయ్యండి!"

పెట్టేశాడు.

పిన్ని గ్లాసులో నీళ్ళు మొత్తం తాగింది. బాబాయ్ కుర్చీ బల్ల దగ్గరికి లాక్కుని తన ఫోన్ తీశాడు. "కిందినుంచి నాకు చెప్పు నంబర్లు. ఏమనాలో కూడా చెప్పు. నాకు సరిగ్గా రాదు."

"ల్యాబు నుంచి అనండి. పరీక్షకి రేపే వెళ్ళమనండి. ఎందుకని అడిగితే ఉన్నది చెప్పండి."

తను పైనుంచి మొదలుపెట్టింది. మోగుతోంది. మోగుతున్నంతసేపూ ఆమె కళ్ళు మూసుకునే ఉంది. ఎవరో ఎత్తి, "హలో, ఎవరూ?" అన్నారు.

ఆయన ఉన్నారా అని ఈసారి అడగలేదు.

"ల్యాబు నుంచండీ. ఎవరు మాట్లాడుతున్నారు?" అంది.